అత్త చెప్పిన సాక్ష్యం

మా అత్త జీవమ్మ కొయ్య దువ్వెనను వేడినీళ్ళలో ముంచి తీసి, కొంగుతో తుడిచి, నా ఎడమ రొమ్ము మీద పైనుంచి కిందికి దువ్వింది. తల దువ్వినంత మామూలుగా. పక్కన చాప మీద రెండు నెలల క్రిస్టినా కాళ్ళు ఆడిస్తూ ఉంది. "పాలు గడ్డకట్టినాయి. నాలుగు దినాలు దువ్వితే కరిగిపోతాది. క్రాంతి పుట్టినప్పుడు నాకూ ఇట్లనే అయింది. మా యమ్మ దువ్వింది, పోయింది" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఓర్చుకోమ్మా" అంది. ఓర్చుకోవడం మా ఇంట్లో ఆడవాళ్ళ జబ్బులన్నిటికీ ఒకటే మందు. నా మొగుడు క్రాంతి కుమార్‌కు మొన్న వేసవిలో పన్ను నొప్పి వస్తే ఆ పూటే రాజంపేటలో డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు.

పాలు ఎందుకు గడ్డకట్టాయో అందరికీ తెలుసు, నాకూ తెలుసు అనుకున్నాను. కాన్పయిన నలభై అయిదో రోజుకే రాజంపేటలో బట్టల షాపు పనిలోకి వెళ్ళాను. ఇంకా ఆలస్యమైతే నా కౌంటరులో వేరే పిల్ల నిలబడేది. పొద్దున తొమ్మిది నుంచి నిలబడే ఉండాలి. పదకొండు కొట్టేసరికి రొమ్ములు రాళ్ళయిపోయేవి. బాత్రూములోకి పోయి సింకులో పిండేసి, వాసన రాకుండా రెండు చెంబుల నీళ్ళు పోసి వచ్చేదాన్ని. ఇంట్లో నా బిడ్డ సీసా పాలు తాగుతుంటే ఇక్కడ తూములోకి పాలు పోసే తల్లిని నేనే. ఒకరోజు కస్టమరుకు చూపించడానికి పట్టుచీర భుజాన వేసుకున్నాను. పాలు కారి చీర మీద మరక పడింది. మా షాపు యజమానురాలు మధులత మేడం అందరి ముందరే అంది, "మహిమా, కొంచెం సూసుకోవల్ల గదమ్మా. అంత ఖరీదు చీర." మరుసటి రోజు నుంచి పాత చీర చించి రొమ్ముల చుట్టూ బిగించి కట్టుకొని పోయాను. అట్లా కట్టుకున్నందుకే గడ్డకట్టిందని ఇంట్లో తేల్చారు.

మధులత మేడం చెడ్డమనిషి కాదు. ఆమె కాన్పూ నా కాన్పూ ఒకే నెలలో. ఆమె షాపుకు వస్తే బిడ్డ, ఆయా, ఏసీ గది అన్నీ పైఅంతస్తులో ఉండేవి. ఆమెకూ రొమ్ములో గడ్డ కట్టింది. ఆ రోజే తిరుపతికి పోయి స్కానింగు తీయించుకొని, సాయంత్రానికల్లా నవ్వుతూ వచ్చింది. "ఏమీ లేదంట, ఉత్త పాలేనంట. నీదీ అదే మహిమా, దిగులు పడాకు" అని నా చెయ్యి పట్టుకొని చెప్పింది. నేను నిజంగానే తేలికపడ్డాను. ఇంటికి వచ్చి చెబితే అత్తా తేలికపడింది, క్రాంతీ తేలికపడ్డాడు. ఒక్క స్కానింగుతో ఇద్దరి రొమ్ముల సంగతి తేలిపోయింది. ఆమె అన్నం తింటే నా కడుపు నిండదని నాకు ఎప్పుడూ తెలుసు. ఈ ఒక్క విషయంలో ఎట్లా మరిచిపోయానో ఇప్పటికీ అర్థం కాదు.

దువ్వెనతో పోకపోతే నూనె. మా చర్చిలో గాబ్రియేలు అయ్యగారు ప్రార్థన చేసిచ్చిన నూనె సీసా ఒకటి మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. అత్త రోజూ సాయంత్రం గిన్నెలో కొంచెం నూనె వెచ్చచేసి నా రొమ్ముకు రాసేది. రాయగా మిగిలిన నూనెను గిన్నెతోనే స్నానాల దడిలోకి తీసుకుపోయి తడిక మూసుకునేది. చేతులు కడుక్కోవడానికి అనుకున్నాను. వారం పదిరోజులకు, గడ్డతో పాటే వచ్చిన జ్వరం పోయింది, ఎరుపు పోయింది. లోపల మాత్రం వక్కంత గట్టిది ఒకటి మిగిలింది. "తగ్గిందా?" అని అడిగింది అత్త. "నొప్పి తగ్గింది" అన్నాను. అంతే అన్నాను.

ఆ ఆదివారం ఆరాధనలో అయ్యగారు సాక్ష్యాలు చెప్పేవాళ్ళు చెప్పండని అడగగానే అత్త లేచి నిలబడింది. నా చెయ్యి పట్టుకొని నన్నూ లేపింది. మామూలుగా అత్తది పక్కింటికి కూడా వినిపించని గొంతు. సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం ఆ గొంతు ఎక్కడినుంచి వస్తుందో తెలియదు, రేకుల కప్పు మోగుతుంది. "నా కోడలికి ఒంట్లో గడ్డ వచ్చినాది. డాక్టరు లేదు, సూది లేదు, మందు లేదు. దేవుడు కరిగించినాడు. ఆయన నామానికే స్తోత్రం!" అంది. ఒంట్లో అంది, రొమ్ములో అనలేదు. మా చర్చిలో ఆ మాట ఎవరూ అనరు. అందరూ స్తోత్రం అన్నారు. అయ్యగారు నావైపు చూశారు. నేను ఆమెన్ అన్నాను.

ఆ ఆమెన్ నా మెడకు చుట్టుకుంది. మా దగ్గర ఒకసారి చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోరు. బాగైందని సాక్ష్యం చెప్పి మళ్ళీ ఆస్పత్రి మెట్లెక్కితే విశ్వాసం లేని మనిషంటారు. గడ్డ పెరుగుతుంటే పైట సర్దుకొని తిరిగాను. వంట చేశాను, షాపులో చీరలు మడతపెట్టాను, క్రాంతి అన్నం తిన్న కంచం కడిగాను. అతను పక్కలో ఆ వైపు చెయ్యి వేస్తే తోసేశాను. "ఏం మే, ఈమధ్య తాకితే చాలు ముడుచుకుంటాండావు" అన్నాడు. గడ్డ ఇంకా ఉందన్నాను. "ఊరికే తడుముకుంటా ఉంటే ఉన్నట్టే ఉంటాది. తడుమాకు" అన్నాడు.

మొదట నా మాట నమ్మింది నా కూతురు. క్రిస్టినాకు ఆరో నెల వచ్చేసరికి ఎడమవైపు పట్టిస్తే తల తిప్పేసుకునేది. కుడివైపు ఆబగా తాగేది. ఎడమవైపు పెడితే పెదాలు బిగించుకొని ఏడ్చేది. అద్దం ముందు చూసుకుంటే చనుమొన లోపలికి లాగినట్టు ఉంది, పక్కన చర్మం బత్తాయి తొక్కలాగా గుంటలు పడింది. బిడ్డ బరువు చూడటానికి వచ్చిన మా ఊరి ఆశా కార్యకర్త నాగలక్ష్మమ్మతో మాటల మధ్యలో అన్నాను, ఒకవైపు తాగడం లేదక్కా అని. ఆమె తక్కెడ కింద పెట్టి, తలుపు మూసి, చూపించమంది. చూసి నా పైట తనే సర్దింది. "పాలగడ్డ నాలుగు నెలలు ఉండదు మహిమా. ఏమైందో సెప్పేదాన్ని నేను కాదు. కడపకు పో. ఈ వారమే పో" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. అత్త చేతిలోని చేట కింద పడేసింది. "దేవుని ముందర సెప్పినా కదా! అందరి ముందర సెప్పినా!" అంది. క్రాంతి తల ఎత్తకుండానే అన్నాడు, "ఇప్పుడు నువ్వు ఆస్పత్రికి పోతే మా యమ్మ మొగం యాడ పెట్టుకుంటాది?" నేను ఆ ప్రశ్నకు జవాబు కోసం నిజంగానే వెతికాను. అదే నాకు సిగ్గు. నా రొమ్మును ఎక్కడ పెట్టుకోవాలని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు.

ఆదివారం వచ్చింది. సాక్ష్యాలు చెప్పండని అయ్యగారు అనగానే బిడ్డను చంకలో పెట్టుకొని లేచాను. "ఆ పొద్దు మా అత్త నా గడ్డ కరిగిందని సాక్ష్యం చెప్పింది. నేను ఆమెన్ అన్యా. అది అబద్ధం. గడ్డ పోలేదు. నా రొమ్ములో ఉండాది. పెరుగుతాండాది. రేపు కడపకు పోతాండా. నాకోసం ప్రార్థన చేయండి" అన్నాను. రొమ్ము అనే మాటకు మగవాళ్ళ వైపు తలలన్నీ దిగిపోయాయి. క్రాంతి లేచి బయటికి వెళ్ళిపోయాడు. అయ్యగారు బైబిలు మూసి, మళ్ళీ తెరిచారు. అత్త మాత్రం నన్నే చూస్తూ ఉంది. తిడుతుందనుకున్నాను. ఆరాధన అయ్యాక నా చంకలోంచి బిడ్డను తీసుకొని ఇంటికి ముందు నడిచింది.

మధులత మేడంకు ఫోన్ చేసి రేపు రానని చెప్పాను. ఎందుకని అడిగితే గడ్డ అన్నాను. "అది పాలే గదా మహిమా, డాక్టరు సెప్పినాడు కదా" అంది.

"మీవి పాలు మేడం. నావి ఇంతవరకూ ఎవరూ చూడలేదు" అన్నాను.

పొద్దున క్రాంతి నాకంటే ముందే లోడు ఆటో తీసుకొని పోయాడు. బిడ్డను ఎత్తుకొని బస్సెక్కి కూర్చున్నాక, బస్సు కదలబోతుంటే అత్త పరుగున వచ్చి ఎక్కింది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. "బిడ్డను ఎవురు ఎత్తుకుంటారు ఆడ?" అంటూ క్రిస్టినాను ఒళ్ళోకి తీసుకుంది. ఒంటిమిట్టలో గుడికి పోయేవాళ్ళంతా దిగిపోయారు. బస్సు సగం ఖాళీ అయింది. అప్పుడు అడిగింది. "ఆడ సూసేది ఆడ డాక్టరేనా?"

"తెలీదత్తా."

"రవిక ఇప్పాల్నా?"

"ఇప్పల్ల."

"ముసలోళ్ళను గూడా సూస్తారా?"

నేను ఆమెవైపు తిరిగాను. అత్త రవికలో కుడివైపు ఎప్పుడూ ఒక ఎత్తు ఉంటుంది. చిల్లర పెట్టుకునే గుడ్డసంచి అనుకునేదాన్ని, నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ. అత్త నా చెయ్యి పట్టుకొని పైట కిందుగా అక్కడ పెట్టింది. నాలుగు మడతల పాత గుడ్డ, నూనెతో తడిసి ఉంది. గుడ్డ కింద మెత్తనిది ఏమీ లేదు. "కారుతాది" అంది. "సంవత్సరం నుంచి కారుతాండాది." బిడ్డ తల నిమురుతూ, కిటికీలోకి చూస్తూ అంది. "ముందే నమ్మి సాక్ష్యం సెప్తే తప్పకుండా జరుగుతాదంటారు గదమ్మా. నాది సెప్పుకునే దైర్యం ల్యాక నీదాని మీద సెప్పినా. నీది కరిగితే నాదీ కరుగుతాదనుకున్యా."

నాకు ముందు జాలి కలగలేదు. ఒళ్ళంతా మండింది. కరగని గడ్డ ఎట్లా ఉంటుందో ఆ వేళ్ళకు తెలుసు. ఆ వేళ్ళతోనే నాకు రోజూ నూనె రాసింది, ఆ వేళ్ళతోనే దువ్వెన పట్టుకుంది. నాలుగు నెలలు నా గడ్డ మీద తన గడ్డను పరీక్ష చేసుకుంది. బస్సు కాకపోతే అరిచేదాన్ని. కానీ ఆమె గుడ్డ మార్చుకోవడానికి తడిక మూసుకున్న సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. ఆ ఇంట్లో కొడుకు ఉన్నాడు, నేను ఉన్నాను. ఏమైందత్తా అని ఒక్కరమూ అడగలేదు. నా చెయ్యి అక్కడినుంచి తీయలేదు. కడప దాకా అట్లాగే కూర్చున్నాం.

ఏ కాగితం మీదైనా నా పేరు చివర రాయించే అలవాటు నాది. పెద్దాసుపత్రిలో చీటీలు రాసేచోట మాత్రం మొదట నా పేరు చెప్పాను. రెండో చీటీ అత్తకు రాయించాను. లోపల తెర వెనక నర్సమ్మ ఇద్దరినీ పక్కపక్కన బల్ల మీద కూర్చోబెట్టి, పెన్ను తీసి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది.

"నాలుగు నెలలు" అన్నాను.

నర్సమ్మ అత్త వైపు తిరిగింది. అత్త రవిక హుక్కులు తీయడం ఆపి, చర్చిలో సాక్ష్యం చెప్పే గొంతుతో, బయట వరసలో నిలబడిన ఆడవాళ్ళందరికీ వినబడేట్టు చెప్పింది.

"నాలుగేండ్లు."