సున్నా డిగ్రీల బొంత

బాతు నూగును బొంతలోకి నింపే పని బాత్రూంలోనే చెయ్యాలి. కిటికీ బిగించి, తలుపు కింది సందులో తడి తువ్వాలు కుక్కి, ఊపిరి కూడా నెమ్మదిగా వదులుతూ చెయ్యాలి. కాస్త గాలి తగిలిందా, గుప్పెడు నూగు ఇల్లంతా ఎగిరి మర్నాడు సూపులో తేలుతుంది. సిల్వీనా ఖాళీ స్నానపు తొట్టిలో బాసింపట్టు వేసుకుని కూచుంది. ఒళ్ళో అరలు అరలుగా కుట్టిన పల్చటి నైలాన్ బట్ట, మోకాలి పక్కన వంటింటి త్రాసు. ముక్కులో నూగు, కనురెప్పల మీద నూగు. మొగుడు డార్డో అప్పటికి మూడోసారి తలుపు కొట్టాడు.

"ఇంకా ఎంతసేపు? ఇల్లన్నాక మనుషులకి అవసరాలుంటాయి కదా."

"తీస్తాను. నూగంతా ఎగిరిపోతుంది, పరవాలేదా?" అంది.

అంతే, అవసరం ఎక్కడిదక్కడ అణిగిపోయింది. పెళ్ళాం ఊపిరాడక చచ్చినా ఫరవాలేదు గానీ గ్రాము నూగు పోకూడదు. గేటు చప్పుడైంది. పక్కింటికి పోయాడు కాబోలు.

బరిలోచే అనే ఆ మంచుకొండల ఊళ్ళో కొండలెక్కే పిచ్చి లేని ఇల్లు లేదు. బయటి దేశాల నించి వచ్చే స్లీపింగ్ బ్యాగులు కొనే తాహతున్న ఇల్లూ లేదు. అందుకని అందరూ సొంతంగా కుట్టుకుంటారు. అంటే, మగవాళ్ళు నమూనా గీస్తారు, బరువు లెక్కేస్తారు, కొండలెక్కేవాళ్ళ క్లబ్బులో కూచుని గంటలకొద్దీ వాదించుకుంటారు. మిషన్ తొక్కేది ఇంట్లో ఆడది. పొద్దుటి నించి హోటల్లో చిరిగిన దుప్పట్లూ కర్టెన్లూ కుట్టి ఇంటికొచ్చిన సిల్వీనాకి సాయంత్రం మళ్ళీ కుట్టడమే విశ్రాంతి అని డార్డో గట్టి నమ్మకం. "నీకు కుట్టడం సరదా కదా" అంటాడు. పన్నెండేళ్ళ నించీ అంటున్నాడు. ఒక్కసారైనా సరదాగా ఉందా అని అడగలేదు.

తలుపుకి లోపలి వైపు అతను అంటించిన కాగితం ఉంది. డార్డో, నాలుగు వందల ఎనభై గ్రాములు. సిల్వీ, మూడు వందల గ్రాములు. కింద రెండు గీతలు కూడా కొట్టాడు, ఇంక దీని మీద మాట లేదన్నట్టు. రెండు బొంతలు, ఫిబ్రవరిలో ఆరు రోజుల కొండదారి కోసం. బాతులు పెంచే ముసలావిడ దగ్గర రెండేళ్ళుగా పోగు చేసిన నూగు మొత్తం ఏడు వందల ఎనభై గ్రాములు. ఈ ఏడు ఇంక దొరకదు. "నీది చిన్న ఒళ్ళు. నీకంత ఎందుకు, ఊరికే మోత" అన్నాడు పంచేటప్పుడు. మోత గురించి ఆయనగారే చెప్పాలి మరి. నిరుడు కొండ మీది విడిదింట్లో పదిమంది ముందు "నా సంచి ఆరున్నర కిలోలు" అని చాటుకున్నాడు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. గుడారం, గిన్నెలు, గ్యాసు, ఆరు రోజుల తిండి సిల్వీనా వీపు మీదున్నాయి కాబట్టే అది ఆరున్నర కిలోలు. ఆయనకి నడుం నొప్పి. ఆ నొప్పి సరిగ్గా సంచి సర్దే పూట వచ్చి, దారిలో మాయమవుతుంది.

నిరుడే కదా ఆ సంగతి కూడా జరిగింది. సరస్సు ఒడ్డున, ఫిబ్రవరి అక్కడ వేసవే అయినా నీళ్ళ అంచున మంచు పేరుకునే చోట, మూడు వందల గ్రాముల బొంతలో సిల్వీనా తెల్లవార్లూ వణికింది. పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు తనకే వినబడుతోంది. ఉన్న బట్టలన్నీ తొడుక్కుంది, ఖాళీ సంచిలో కాళ్ళు దూర్చుకుంది, అయినా వణుకు ఆగలేదు. లేపితే డార్డో ఒక కన్ను తెరిచి, "చలి నీ బుర్రలో ఉంది సిల్వీ. క్లబ్బు బ్యాగులోనూ ఇంతే నూగు, దాని మీద సున్నా అని రాసుంది. లెక్క ప్రకారం నీకు చలి వెయ్యకూడదు" అన్నాడు. అని, నిక్షేపంలా గురక పెట్టాడు. పొద్దున మొద్దుబారిన వేళ్ళతో మాటే అనే ఆకుల టీ కాచి ఇస్తే తాగి, "చూశావా, చచ్చిపోలేదుగా" అన్నాడు. ఆదివారం భోజనాల దగ్గర ఆ ముచ్చట తల్లికి చెప్పి నవ్వాడు కూడా. "నీకు ఒంట్లో నెత్తురు తక్కువ అమ్మాయ్. నీ వయసులో నేను మంచులో బట్టలుతికాను" అంది అత్తగారు ఒల్గా. మంచులో ఉతకమన్న మనిషిని ఆవిడ జన్మలో ఒక్కమాట అన్నది లేదు. ఉతికానన్న గొప్ప మాత్రం ముప్ఫయ్యేళ్ళుగా వడ్డిస్తోంది.

ఆ నవ్వులైనా భరించేదేమో. దాని వెనకాలే ఇంకో మాట వచ్చింది. "ఈసారి కూడా వణికావంటే వచ్చే ఏడాది నించి నువ్వు ఇంట్లో ఉండు, నేను మా క్లబ్బు తీటోతో వెళ్తాను" అన్నాడు. సిల్వీనాకి ఒళ్ళు మండిపోయింది. కొండంటే ఆమెకి ప్రాణం. ఈ మనిషి రాజధాని నించి కొత్త బూట్లేసుకుని దిగక ముందే ఆ దారులన్నీ ఆమె కాళ్ళకి తెలుసు. ఏడాదంతా హోటలూ, ఇల్లూ, అత్తగారి ఆదివారాలూ మింగేస్తే ఆమెకంటూ మిగిలేది ఆ ఆరు రోజులే. వాటిని కూడా మూడు వందల గ్రాములు పడేసి లాక్కుంటాడట.

పోయిన నెల, కుట్టు వరసలు చూద్దామని క్లబ్బు వాళ్ళ విదేశీ బ్యాగు తిరగేసింది. లోపల చీటీ మీద రెండు అంకెలున్నాయి. అయిదు, పక్కన ఆడమనిషి బొమ్మ. సున్నా, పక్కన మగవాడి బొమ్మ. సిల్వీనా ఆ చీటీని చాలాసేపు చూసింది. అంటే అదే బ్యాగు మగవాడికి సున్నా డిగ్రీల చలి దాకా ఆగితే, ఆడమనిషికి అయిదు దాకానే. తన బుర్రలో ఏమీ లేదు. నెత్తురూ తక్కువ కాలేదు. డార్డో ఇన్నేళ్ళూ మగవాడి అంకె చదివి ఇద్దరికీ అదే అన్నాడు. చూపిస్తే ఎగాదిగా చూసి, "అది సుకుమారపు ఆడవాళ్ళ కోసం రాస్తారు. నువ్వు కొండమనిషివి, నీకెందుకు?" అన్నాడు. నిరుడు నెత్తురు లేని మనిషి, ఈ ఏడు కొండమనిషి. ఏ పూట ఏది చవగ్గా పడితే అది. ఇలాంటి వాడితోనా తను పన్నెండేళ్ళు వాదించింది అనుకుంటే సిల్వీనాకి కోపం కూడా రాలేదు, రోత పుట్టింది.

ఆ తరవాత ఆమె వాదించలేదు. సుద్దముక్కతో తన పొడవు, తన భుజాల కొలత గీసి బట్ట కత్తిరించింది. ఇవాళ తొట్టిలో కూచుని ఒక్కో అరకీ తూచి, మొత్తం నాలుగు వందల ఎనభై గ్రాములు తన బొంతలోకే నింపింది. మిగిలింది కవర్లో మూటకట్టింది. అరల మూతులు కుట్టి, బొంతని చిన్న గుడ్డసంచిలో కుక్కి, తలుపు తీసింది.

పక్కింటి నించి తిరిగొచ్చిన డార్డో సంచిని విప్పనైనా విప్పకుండా త్రాసు మీద పెట్టాడు. "ఆరు వందల డెబ్భై! ఏడొందలు దాటుతుందనుకున్నా. చూశావా, లెక్కంటే అలా ఉండాలి" అని మురిసిపోయాడు. తూచడం తప్ప విప్పి చూడటం ఆ మనిషికి ఎప్పుడూ తెలీదు. "నీది తరవాత తీరిగ్గా కుట్టుకో" అని ఉదారంగా సెలవిచ్చాడు. అది ఎవరిదని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం క్లబ్బులో డార్డో ప్రసంగం. తేలికపాటి పరుపుసామాను సొంతంగా కుట్టుకోవడం ఎలా అని. ముప్ఫైమంది దాకా వచ్చారు. సిల్వీనా వెనక నిలబడి అందరి ఫ్లాస్కుల్లో వేడినీళ్ళు పోస్తోంది. "నేను కుట్టేటప్పుడు" అన్నాడు డార్డో. "నేను నింపేటప్పుడు" అన్నాడు. మిషన్‌లో దారం ఎక్కించడం రాని మనిషి గంటసేపు అలా కుడుతూనే ఉన్నాడు. ముందు వరసలో కూచున్న ఒక అమ్మాయి లేచి, నూగు బయటికి రాకుండా ఎన్నో నంబరు సూది వాడారని అడిగింది. డార్డో దగ్గి, "సన్నది" అన్నాడు.

"అరవై" అంది సిల్వీనా వెనక నించి. ఆ అమ్మాయి తల తిప్పి ఆమెని చూసింది, రాసుకుంది.

డార్డోకి అది నచ్చలేదు. మాటలెందుకు, చూపిస్తానని బూట్లు విప్పి పొడుగు బల్ల మీద పడుకున్నాడు. గుడ్డసంచి విప్పి, బొంత దులిపి, చివర ఉన్న సంచీలాంటి అరలో కాళ్ళు దూర్చి పైకి లాక్కున్నాడు. అది డొక్కల దాకా వచ్చి ఆగింది. ఇంకా లాగాడు. మోకాళ్ళు ముడుచుకున్నాయి గానీ బొంత పెరగలేదు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అతని స్నేహితుడు తీటో, "సగం బొంత, సగం బరువు. భలే కనిపెట్టావురా" అనేసరికి హాలంతా గొల్లుమంది.

డార్డో మొహం కందగడ్డయింది. అయినా ఎంతో ఓర్పున్నవాడిలా నవ్వు పులుముకుని వెనక్కి చూశాడు.

"సిల్వీ, కొలత తప్పావు."

"తప్పలేదు. అది నాది" అంది సిల్వీనా.

డార్డో బల్ల మీద లేచి కూచున్నాడు, కాళ్ళింకా ఆ బొంతలోనే ఉన్నాయి.

"మరి నాదేది?"

"నువ్వింకా కుట్టుకోలేదుగా" అందామె.