గాలి సీసా

వాల్వు కారుతోంది.

బల్ల మీద సిలికాన్ గుండె ధన్ ధన్‌మని మోగుతోంది. మోటారు తోసే ఎర్రనీళ్లు వాల్వు దాటి ముందుకు పోవాల్సింది పోయి, దెబ్బదెబ్బకీ వెనక్కి తన్నుతున్నాయి. టెస్టింగ్ ఇంజినీరు మిషను మీదికి వంగింది. అదే అచ్చులో పోసిన జంట వాల్వు ఈ క్షణాన ఆస్పత్రిలో, ఆపరేషన్ బల్ల పక్కన ట్రేలో ఉంది. బల్ల మీద రిటైరైన బస్సు డ్రైవరు. డెబ్బై దాటిన మనిషి. మత్తు ఇచ్చేశారు. ఆమె సరేనంటే సర్జన్ కత్తి పెడతాడు.

మోటారు చూసింది. గొట్టాలు తడిమింది. వాల్వు కుట్లన్నీ లైటు వేసి వెతికింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. నిన్నటిదాకా ఒక్క చుక్క వెనక్కి రానిది, ఇవాళేం మాయరోగం?

పక్క గదిలో లెక్కలు చూసే అక్క తలుపు తోసుకుని వచ్చింది. పొద్దున్నుంచీ ఆ మోతకి తల పగిలిపోతోందని, రోజూ పిల్లిలా ఉండేదానికి ఇవాళ దయ్యం పట్టిందా అని విసుక్కుంది.

ఫోను మోగింది. బావ. అక్క మొగుడు. వాల్వు తయారుచేసింది అతనే. ఆపరేషన్ చూడ్డానికి ఇవాళ ల్యాబుకి రాకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లాడు.

"ఏం మరదలా, నా గుండె నీ చేతుల్లో ఆగిపోయిందా ఏంటి? ఇక్కడంతా నా మొహమే చూస్తున్నారు."

కారుతోందని చెప్పింది.

"సీసాలో గాలి తగ్గుంటుంది. నా సొరుగులో సైకిల్ పంపుంది. నాలుగు దెబ్బలు కొట్టు, అదే దారికొస్తుంది."

మిషన్లో రక్తనాళానికి బదులు పనిచేసేది ఆ గాలి సీసాయే. గాలి ఎక్కువుంటే దెబ్బ మెత్తగా పడుతుంది, కుర్రాడి నాళంలో పడ్డట్టు. తక్కువుంటే బండగా పడుతుంది, ముసలాళ్ల నాళంలో పడ్డట్టు.

ఆమె నాలుగు కొట్టింది. మోత అణిగింది. కారడం ఆగింది. హమ్మయ్య అనుకుంటూ ఆస్పత్రికి ఫోను కలిపి, సీసా వంక చూసి ఆగిపోయింది.

సీసా మీద ఆమె తన చేత్తో వేసిన ఎర్రగీత ఉంది. ముసలి నాళమైతే నీళ్లు ఆ గీతని తాకుతుండాలి. ఇప్పుడు బెత్తెడు కిందికి దిగిపోయాయి. ఇందాక, కారుతున్నప్పుడు, సరిగ్గా గీత మీదే ఉన్నాయి.

ఆమె రోజూ సాయంత్రం, నడిచి నడిచి నీళ్లు దిగాయనుకుని, వాటిని గీతకి సరిచేసి ఇంటికి పోతుంది. పొద్దున్న వచ్చి తెర మీది అంకెలు చూస్తుందే గాని సీసా చూడదు. ఈలోగా ల్యాబుకి వచ్చే మనిషి బావ ఒక్కడే. అతను రాని రోజే వాల్వు కారింది. మిషను పక్కన ఉండాల్సిన పంపు అతని సొరుగులో దొరికింది.

"మొదలుపెట్టమంటారా?" సర్జన్ గొంతు.

"వద్దు, ఆపండి. ఈ వాల్వు ముసలి గుండెకి ఆగదు. మా పరీక్షలన్నీ తప్పు. రోజూ సీసాలో దొంగగాలి కొడుతున్నారు."

"ఎవరు?"

అక్క అక్కడే నిలబడి ఉంది. చెల్లెలి చేతిలోని పంపుని చూస్తోంది. అది ఎవరి సొరుగులోంచి వచ్చిందో ఆమె కళ్లారా చూసింది. వద్దన్నట్టు తల కొంచెం కదిలింది.

ఇంజినీరు అక్క కళ్లలోకి చూస్తూనే చెప్పింది.

"మా బావండీ. మీ పక్కనే ఉన్నాడు."