మూడోసారి వచ్చిన తమ్ముడు

కుట్టుమిషను మీద బతుకు వెళ్లదీస్తున్న ఆమెను ఆ మూడంతస్తుల మేడలో అందరూ కుట్టక్క అంటారు. కుట్టక్క ఇంట్లో నల్లులు చేరాయి. పరుపు కుట్టు విప్పితే చాలు, నెత్తురు తాగి బలిసినవి, వాటి నల్లటి రెట్ట, ఊడిన పొట్టు. చిదిమితే ఆ కంపు సబ్బుకి కూడా వదలదు. నాలుగేళ్ల కూతురు వీపంతా గోక్కుని పుండు చేసుకుంటోంది.

జ్వరమొస్తే పదిమందికి చెప్పుకుంటారు. నల్లులొస్తే ఎవరు చెప్పుకుంటారు? నల్లుల కొంపలో బట్టలు కుట్టించుకోమంటే ఎవరొస్తారు? అందుకే మందు కొట్టే అతన్ని మామూలు బట్టల్లో, మందు డబ్బా ప్రయాణం సంచిలో పెట్టుకుని రమ్మంది. మెట్ల మీద ఎవరడిగినా తమ్ముణ్ణని చెప్పాలి. తమ్ముడు రెండుసార్లు వచ్చి మందు కొట్టి వెళ్లాడు. రెండుసార్లూ పదిరోజులు తిరక్కుండా నల్లులు హాజరు.

మూడోసారి కుట్టక్క అతన్ని కడిగిపారేసింది. "నువ్వు కొట్టేది మందా, నీళ్లా?"

"మందే అక్కా. ఇక్కడ కొడితే గోడ సందుల్లోంచి పక్కింటికి పోతాయి. అక్కడ కొడితే ఇటొస్తాయి. అన్ని ఇళ్లలో ఒకే రోజు కొడితేనే చస్తాయి."

"వాళ్ల ఇళ్లలో లేవుగా!"

అతనికి నవ్వాగలేదు. "ఈ మేడలో నేను నీకు తమ్ముణ్ణి. ఒకరికి మేనల్లుణ్ణి. ఇంకొకరికి తోడల్లుణ్ణి. ఎవరెవరని అడక్కు, నా పొట్ట కొట్టకు."

ఇన్నాళ్లూ మెట్ల మీద ఎదురుపడి పళ్లికిలించుకున్న వాళ్లంతా తేలు కుట్టిన దొంగలే. నల్లులకన్నా ఆ నవ్వులే కుట్టక్కకు రోతగా అనిపించాయి. వాటిలో తన నవ్వూ ఉంది.

బట్టల మీద గీసే సుద్ద తీసుకెళ్లి కింద మెట్ల పక్క గోడ మీద రాసింది: "మా ఇంట్లో నల్లులున్నాయి. ఆదివారం మందు కొట్టిస్తున్నాం. మీకూ ఉంటే ఇక్కడ పేరు రాయండి." ఉన్న నాలుగు బేరాలూ పోతాయని తెలుసు. కానీ పిల్ల వీపు కళ్లముందు కదులుతోంది.

మర్నాడు పొద్దున్నే ఎవరైనా పేరు రాశారేమోనని దిగి వచ్చింది. పై అంతస్తు టీచరమ్మ బకెట్టు పక్కన పెట్టుకుని గోడ తోముతోంది. మెట్లు ఊడ్చే వంతు వస్తే నడుం నొప్పనే మనిషి.

"ఇంటి గుట్టు వీధిన పెడతావా? ఛీ! శుభ్రం లేనిదానివి నువ్వు, పరువు పోయేది మా అందరిదీనా?"

తడవకుండా జాకెట్టు చేతులు పైకి మడుచుకుంది. ఇంత ఎండల్లో పొడుగు చేతులు ఎందుకు కుట్టించుకుందో కుట్టక్కకు అప్పుడర్థమైంది. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు, గోళ్లు దిగినచోటల్లా పక్కులు.

"గోక్కోండి టీచరమ్మా, సిగ్గుపడకండి," అంది కుట్టక్క. "మా పిల్లా అదే చేస్తోంది."

టీచరమ్మ గబగబా జాకెట్టు చేతులు దించుకుంది. అవి తడిసిపోతున్నా 'నల్లులు' అన్న మాట మీద ఇంకోసారి గట్టిగా రుద్దింది.