రెండు గొట్టాలు, ఒక గంట

పత్తికొండలో నన్ను పొగరుబోతు అంటారు. ల్యాబ్ కౌంటర్ దగ్గర రిపోర్టు చేతికిచ్చి "డాక్టరును అడగండి" అంటాను, అంతే. ఇంకొక్క మాట అడిగినా నోరు విప్పను. ఇరవై ఏళ్లుగా రక్తం తీస్తున్న కృపమణికి ఇప్పుడు ఇంత గీర ఎందుకొచ్చిందని పక్కనే మందుల షాపు పెట్టుకున్న పుల్లయ్య కూడా అడిగాడు. ఆయనకు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్లు. రిపోర్టు పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గర వరుసలో కూర్చుంటే బస్సు పోతుంది. అందుకని కౌంటర్ దగ్గరే "ఏమన్నా ఉండాదా మేడం?" అని అడిగేస్తారు. అంకెలు గీత దాటకపోతే "ఏం లేదు, పోండి" అనేదాన్ని. దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. డాక్టరు చెప్పాల్సిన మాట నా నోట రావడం నాకు కొంచెం గొప్పగా కూడా ఉండేది. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రామేశ్వరమ్మ మొదటిసారి ఎండాకాలం చివర్లో వచ్చింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. వేళ్ల కణుపులు వాచాయంటే, ఊళ్లో సూదులు వేసే ఆయన 'ఆర్ఏ' పరీక్ష ఒక్కటి చేయించుకోమని చీటీ రాసిచ్చాడు. కీళ్లవాతం ఉన్నవాళ్లలో చాలామందికి అది పాజిటివ్ వస్తుంది. ఆమెకు నెగెటివ్ వచ్చింది. ఆమె భర్త చిన్న ఈరన్న ఏమన్నా ఉందా అని అడిగాడు. నేను అలవాటుగా "ఏం లేదప్పా" అన్నాను. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

నెగెటివ్ వచ్చినంత మాత్రాన రోగం లేదని కాదు. నలుగురైదుగురు రోగుల్లో ఒకరికి అది నెగెటివ్‌గానే వస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు, చదువుకున్నదే. కానీ ఆ పూట కౌంటర్ ముందు పదిహేను మంది నిలబడి ఉన్నారు.

ఆరు నెలల తర్వాత ఒక సోమవారం మళ్లీ వచ్చారు. మా వైపు సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు, అది బసవన్న రోజు. సేద్యగాళ్లకు తీరిక దొరికేది అప్పుడే కాబట్టి సోమవారమంటే మా ల్యాబ్ సంతలా ఉంటుంది. కర్నూలు నుంచి కీళ్ల డాక్టరు వచ్చేదీ ఆ రోజే. ఈసారి వాళ్లు ఆయన దగ్గరికి వెళ్లారు. ఆయన మూడు పరీక్షలు రాశాడు. రెండు కర్నూలుకు పంపాలి. మూడోది ఈఎస్ఆర్, అది ఇక్కడే చేస్తాం.

రక్తం తీయడానికి పిడికిలి బిగించమన్నాను. ఆమె బిగించబోయింది గానీ వేళ్లు ముడుచుకోలేదు.

"రావడం లేదు మేడం," అంది.

"పొద్దున పూట అట్లే అంటాది," అన్నాడు ఈరన్న. "మధ్యాన్నానికి బాగయితాది. రొట్టె తట్టే పొద్దుకే దీనికి చేతులు పట్టుకుంటాయని మాయమ్మ అంటాండాది. నువ్వు గూడ ఏం లేదంటివి గదా."

జేబులోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించారు.

"మా అత్త ఎవురొచ్చినా ఆ కాయితం చూపిస్తాది మేడం," అంది రామేశ్వరమ్మ. "రక్తంలోనే లేని నొప్పి చేతుల్లోకి యాడ్నుంచి వచ్చెనంటాది."

కోపంగా చెప్పలేదు. వింటున్నవాళ్లు నమ్మరని తెలిసిన మనిషి గొంతు అది. కాగితం కింద నా సంతకం ఉంది.

కీళ్లవాతం తెల్లారి బిగుసుకుంటుంది, పొద్దెక్కే కొద్దీ వదులుతుంది. రోగానికి గుర్తే అది. ఆ ఇంట్లో దాన్నే సోమరితనానికి సాక్ష్యం చేశారు. ఆ సాక్ష్యానికి ముద్ర కొట్టింది నేను. నాకు నా మీదే ఒళ్లు మండింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఈరన్న మీద విరుచుకుపడ్డాను.

"ఏమప్పా, నీ ఎద్దుకు సోమారం ఉండాది. ఈమెకు యా వారం ఉండాది?"

అతను కాగితాన్ని మళ్లీ మడతపెట్టబోయాడు.

"చొక్కా చెయ్యి పైకి మడుచు. నీ రక్తం గూడ తీస్తా."

"నాకేమయింది మేడం?"

"ఏం గాలేదు. అందుకే."

ఈఎస్ఆర్‌కు మా దగ్గర యంత్రం లేదు. సన్నటి గాజు గొట్టంలో రక్తం నింపి గంటసేపు కదపకుండా నిలబెడతాం. ఎర్రకణాలు కిందికి దిగుతాయి, పైన పచ్చటి నీరు తేలుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూసి రాస్తాం. ఒంట్లో వాపు ముదిరితే తొందరగా దిగుతుంది. ఎక్కడో నిప్పు ఉందని ఈ పరీక్ష చెబుతుంది. ఏ ఇంట్లోనో చెప్పదు, అది తేల్చాల్సింది డాక్టరు.

రోగుల్ని నేను లోపలికి రానివ్వను. ఆ రోజు రెండు గొట్టాలూ పక్కపక్కన స్టాండుకు పెట్టి, వాటి ముందు ఇద్దరికీ స్టూళ్లు వేశాను.

పది నిమిషాలకు పెద్ద తేడా లేదు. అరగంటకు ఈరన్న ముందుకు వంగాడు.

"నాది యాది?"

"కుడి పక్కది."

కుడి పక్కది కదిలినట్టే లేదు. ఎడమ పక్కది చూస్తుండగానే దిగుతోంది. రామేశ్వరమ్మ గొట్టాల వైపు చూడలేదు, భర్త ముఖమే చూస్తూ కూర్చుంది.

గంటకు అతనిది ఎనిమిది, ఆమెది తొంభై నాలుగు. గొట్టంలో సగం దాకా పచ్చనీరే.

"ఇదంతా దీని ఒంట్లో ఉండాదా?" అన్నాడు.

"ఉండాది. నా మాట పట్టుకుని మీరు ఆరు నెలలు పోగొట్టుకున్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నేనే."

ఈరన్న అక్కడే నిలబడి తల్లి గిడ్డమ్మకు ఫోన్ చేశాడు. ఆమె గొంతు మాకు కూడా వినిపించింది.

"మా, రేపట్నుంచి రొట్టెలు నువ్వు తట్టు."

"ఏంటికిరా?"

"దానికి రోగముండాది. నేను కండ్లార చూస్తి."

"కాయితంలో లేదంటిరి గదా?"

ఈరన్న ఫోన్ నా వైపు చాపాడు.

"ఆ కాయితం ఇచ్చింది నేనేమ్మా," అన్నాను. "ఏం లేదని చెప్పడం నా తప్పు. మీ కోడలు మొదట్నుంచి నిజమే చెప్తాండాది."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత గిడ్డమ్మ, "దానికి ఏమన్నా తినిపించి పిల్చుకోని రా," అని పెట్టేసింది.

రామేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. రోగం ఉందని తేలినందుకు ఇంత సంతోషపడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. నాకూ ప్రాణం తేలికపడింది. తప్పు ఒప్పేసుకున్నాను కదా, ఇక అయిపోయిందనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

"మందు మొదలుపెడితే తగ్గుతాదిలేమ్మా. ఏం భయం లేదు."

ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్లను ఎడమచేత్తో పట్టుకుని చాపబోయింది. రాలేదు. మెల్లగా వదిలేసింది.

"ఈ రెండూ మొదట నీ కాడికి వచ్చినప్పుడు చాపితే సాగేటివి మేడం," అంది. "ఇవి గూడ తిరిగొస్తాయా?"

"డాక్టరును అడగమ్మా," అన్నాను.