‘నక్షత్రాల బస్సు’కు ముఖచిత్రం

మాదాపూర్‌లో ఆ తొమ్మిదంతస్తుల ఆఫీసు బిల్డింగుకు మల్లయ్య సెక్యూరిటీ గార్డుగా వచ్చి నాలుగేళ్లయింది. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు ఆయన బోర్డులు రాశాడు. పుప్పాలగూడ, మణికొండ, నార్సింగి చుట్టుపక్కల ఏ కిరాణా కొట్టు తెరిచినా, ఏ మందుల దుకాణం పెట్టినా, దాని పేరు మల్లయ్య బ్రష్షు కిందినుంచే బయటికొచ్చేది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గంటలో బ్యానరు అచ్చయి చేతికొస్తుంటే, మూడు రోజులు నిచ్చెన మీద నిలబడి రాసే మనిషి కోసం ఎవరు ఆగుతారు? మల్లయ్య ఎవరినీ తిట్టలేదు. బ్రష్షులు కిరోసిన్‌లో కడిగి, పాత చొక్కా గుడ్డలో చుట్టి, సజ్జ మీద పెట్టి, నీలం యూనిఫాం తొడుక్కున్నాడు.

ఒక సోమవారం పొద్దున లిఫ్టు ఆగిపోయింది. అదే రోజు ఆఫీసు ప్రింటరు కూడా మొరాయించడంతో, మేనేజరు ఒక మార్కరు పెన్ను, ఏసీ డబ్బా అట్టముక్క మల్లయ్య చేతిలో పెట్టి, “ఏదో ఒకటి రాసి తగిలించు” అని వెళ్లిపోయాడు. ఏదో ఒకటి రాయడం మల్లయ్యకు చేతకాదు. దారం పట్టి రెండు గీతలు కొట్టుకున్నాడు. ‘లిఫ్టు మరమ్మతులో ఉంది, దయచేసి మెట్లు వాడండి’ అని రాసి, ప్రతి అక్షరానికీ కుడివైపు సన్నగా నీడ దిద్దాడు. మధ్యాహ్నానికల్లా మెట్లెక్కుతూ ఆయాసపడాల్సిన వాళ్లు ఆ అట్టముక్క ముందు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు.

నాలుగో అంతస్తు నుంచి ఒకమ్మాయి దిగివచ్చి నేరుగా ఆయన దగ్గరికే వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు, పేరు సంయుక్త. రోజూ గేటు దగ్గర నవ్వి వెళ్లే మనిషే గానీ ఎప్పుడూ మాట్లాడింది లేదు.

“ఈ బోర్డు ఎవరు రాశారండి?”

“నేనే మేడం. తప్పు బోయిందా ఏమన్న?”

“తప్పు కాదండి. ‘మ్మ’ కింద వత్తు ఇంత అందంగా కూర్చోవడం నేను ఈ నెలలో ఇదే చూడటం. మీకు ఒకటి చూపించొచ్చా?”

ఫోను తెరిచి చూపించింది. రాత్రి ఆకాశం, దాని మీద ఎగిరే ఒక పసుపు బస్సు. బొమ్మ ముచ్చటగా ఉంది. పైన పేరు మాత్రం ‘నక్‌షత్‌రాల బస్‌సు’ అని ముక్కలు ముక్కలుగా ఉంది.

మల్లయ్యకు పంటి కింద రాయి పడ్డట్టయింది. “గిదేంది మేడం? అక్షరాలను ఇట్ల ఇరగ్గొట్టిండ్రు?”

“నేను విరగ్గొట్టలేదండి. సాఫ్ట్‌వేర్ విరగ్గొట్టింది.”

అలా మొదలైంది. సంయుక్త ఊరు భీమవరం దగ్గర. చెల్లెలి పిల్లలకు ఫోనులో చెప్పిన కథలను ఒక వెబ్‌సైట్‌లో పెడుతూ వచ్చింది. చదివేవాళ్లు పెరిగారు. ఇప్పుడు పదకొండు కథలు కలిపి ఈ-బుక్‌గా తేవాలనుకుంటోంది. ముఖచిత్రం చేయించడానికి అడిగితే ఒకాయన చెప్పిన ధరకు గుండె జారింది. పోనీ తానే చేసుకుందామంటే, పెద్ద కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌కు నెల నెలా కట్టాలి. ఆ నెలవారీ చందా కట్టడం ఆపితే మన బొమ్మ మనమే తెరవలేం. పక్క సీటు అబ్బాయి దొంగ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తానన్నాడు.

“పిల్లల పుస్తకం కదండీ. దొంగ సరుకుతో మొదలుపెట్టబుద్ధి కాలేదు” అంది సంయుక్త.

మల్లయ్యకు ఆ ఒక్క మాటతో ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది. ఆయన ఎనామిల్ రంగులో కిరోసిన్ ఎక్కువ కలిపి మోసం చేసే రకం కాదు.

“నాకు కంప్యూటర్ రాదు మేడం. కానీ అక్షరం బాగుందా లేదా చెప్తా. మీరు ఏమేమి జూసిండ్రో తీసుకరాండ్రి. రేపు అన్నం తినే ఏళకు కూసుందాం.”

మర్నాడు పార్కింగు పక్కన రాతి బెంచీ మీద, టిఫిన్ డబ్బాలకు అవతల సంయుక్త లాప్‌టాప్ తెరిచింది. నాలుగు సాఫ్ట్‌వేర్‌లు సిద్ధం చేసుకొచ్చింది. ఏది ఎన్ని రంగులిస్తుంది, ఏది ఎన్ని బొమ్మలిస్తుంది అని చెప్పబోతుంటే మల్లయ్య చెయ్యెత్తి ఆపాడు.

“అవన్నీ తర్వాత. ముందుగాల మా బిడ్డ పేరు కొట్టుండ్రి. జ్యోత్స్న.”

“అదేంటండి?”

“త కింద స వత్తు, దాని పక్కన న వత్తు. ముందు ‘జ్యో’. ఇవన్నీ ఇరుకు లేకుంట కూసోవాలె. మా ఆవిడ ముచ్చటపడి పెట్టుకున్నది. నేను ఇంటి గేటు మీద రాసేటందుకు మూడుసార్లు తుడిసిన. ఈ పేరు రాసినోడు ఏదైనా రాస్తడు.”

సంయుక్త పకపకా నవ్వి, టైపు చేసింది. మొదటిది ఇంటర్నెట్‌లోనే నడిచేది. పేరు బాగానే వచ్చింది గానీ, బొమ్మ దించుకోబోతే దాని నిండా కంపెనీ ముద్ర అడ్డంగా పడింది. ముద్ర పోవాలంటే మళ్లీ నెలనెలా చందా కట్టాలి. “మన గోడ మీద వాళ్ల ప్రచారం” అన్నాడు మల్లయ్య. రెండోది ఒక్కసారి కొంటే చాలు, చవకే. కానీ బిడ్డ పేరును అది జ్, యో, త్, స్, న అని అయిదు ముక్కలుగా విరిచింది. సంయుక్త పాత ముఖచిత్రాన్ని పాడుచేసింది కూడా అదే. మల్లయ్య ఆ తెరవైపు చూడటానికి కూడా ఒప్పుకోలేదు.

మూడోది పూర్తిగా ఉచితం. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో తీరిక వేళల్లో కలిసి చేసి అందరికీ వదిలేసినదట. తెరవగానే చుట్టూ వందల బటన్లు, విమానం నడిపే సీట్లో కూర్చున్నట్టుంది. అందుకే సంయుక్త భయపడి దాన్ని పక్కన పెట్టింది. పేరు టైపు చేయగానే ‘జ్యోత్స్న’ చెక్కుచెదరకుండా తెర మీద నిలబడింది.

మల్లయ్య ముందుకు వంగాడు. “న వత్తు జర కిందికి జారింది. దాన్ని కొంచెం పైకి అనొచ్చా?”

సంయుక్త అటూ ఇటూ వెతికి ఏదో నొక్కింది. అక్షరం చుట్టూ చిన్న చిన్న చుక్కలు మొలిచాయి. ఒక చుక్కను పట్టుకుని లాగితే గీత దారంలా వంగింది. వదిలితే అక్కడే నిలిచింది.

ఎనామిల్ రంగుతో ఒక వంపు తప్పితే టర్పెంటైన్‌తో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ మొదలుపెట్టాలి. ఇక్కడ వంపును వేలితో పట్టుకుని ఒప్పించవచ్చు. నిచ్చెన అక్కర్లేదు. ఎండ లేదు.

“ఇటియ్యండి మేడం” అన్నాడు, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ.

నాలుగోదాన్ని వాళ్లు వెబ్‌సైట్ బొమ్మల కోసం ఉంచుకున్నారు. అదీ ఉచితమే, చిన్నది. బరువైన ఫొటోలను అందం చెడకుండా తేలిక చేస్తుంది. సంయుక్త సైటు పల్లెటూళ్ల ఫోన్లలో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందని తల్లులు రాస్తున్నారు. ఆ గొడవ దీనితో తీరింది. అక్షరానికి ఒకటి, బొమ్మకు ఒకటి అని తేల్చుకుని లేచారు. ఆ పూట మల్లయ్య డబ్బాలో అన్నం సగం అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలు భోజనాల వేళ రాతి బెంచీ వాళ్లదే. జ్యోత్స్న పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో తన లాప్‌టాప్‌లో అదే సాఫ్ట్‌వేర్ వేసి, మౌసు పట్టడం తండ్రికి నేర్పింది. మొదటి రోజు మౌసు టేబులు అంచు దాటి కిందపడేదాకా లాగాడు. అయిదో రోజుకు ‘నక్షత్రాల బస్సు’ అని తనే గీశాడు. ‘క్ష’ తోక మెలి తిరిగి ‘త్ర’ను అందుకుంటుంది. ‘స్సు’ చివరి కొమ్ము బస్సు పొగలా తేలిపోతుంది. మర్నాడు బెంచీ మీద సంయుక్త దాన్ని తన బస్సు బొమ్మ మీద పెట్టి చూసి, తెరమీదనుంచి కళ్లు తిప్పుకోలేకపోయింది.

అప్పుడే మధుకర్ అటు వచ్చాడు. సంయుక్త కంపెనీలోనే డిజైన్ టీముకు పెద్ద. మంచివాడే గానీ మాట సూటిగా ఉంటుంది.

“అంకుల్, చేతిపని సూపర్. కానీ ఈ ఫ్రీ టూల్స్‌తోని ప్రొఫెషనల్ కవర్ కష్టం” అన్నాడు. “ఇంకోటి. ఈ-బుక్ అమ్మే సైట్‌లో కవర్ ఎంత కనబడుతదో తెలుసా? బొటనవేలి గోరంత.” అని లాప్‌టాప్‌లో బొమ్మను అంతకు కుదించి చూపించాడు. అక్షరాలు, నక్షత్రాలు, బస్సు అన్నీ కలిసి నీలం మచ్చ అయ్యాయి.

సంయుక్త ముఖం వాడిపోయింది. మల్లయ్య మాత్రం మచ్చను తేరిపార చూసి నవ్వాడు.

“సారు చెప్పింది కరెక్టే బిడ్డా. కానీ ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, నా తప్పు. చిన్నగ కనబడుడు, దూరం నుంచి కనబడుడు రెండూ ఒకటే. పోయే బస్సులకెల్లి చదవొచ్చేటట్టు బోర్డు రాయాలె. నేను ఇరవై ఆరేళ్లు అదే జేసిన. ఈడ దగ్గర కూసోని రాస్తుంటే మరిచిన. పా, గేటు కాడికి పోదాం.”

ఆయన తనను ‘బిడ్డా’ అనడం సంయుక్త అప్పుడే మొదటిసారి విన్నది.

గేటు మెట్టు మీద లాప్‌టాప్‌ను ఛాతీకి ఆనించుకుని సంయుక్త నిలబడింది. పక్కన మధుకర్, తెరమీద ఎండ పడకుండా ఫైలు అడ్డం పెట్టి. మల్లయ్య ట్రాఫిక్ చూసుకుని రోడ్డు దాటి, అవతల మెట్రో స్తంభం దాటి, బస్టాపు పక్కకు వెళ్లి ఫోను చేశాడు.

“బస్సు కనబడ్తుంది. నక్షత్రాలు చీమల లెక్కున్నయి. పేరు కనబడ్త లేదు.”

“ఏం చేయమంటారండి?”

“చీమలన్ని తీసెయ్. మూడు పెద్ద నక్షత్రాలు చాలు. అక్షరాలకు నీడ తీసెయ్, లావు చెయ్. ‘క్ష’ తోక కత్తిరించు.”

“అయ్యో, తోక బాగుందండి.”

“నాక్కూడ పానం గుంజుతుంది. అయినా కత్తిరించు.”

మెట్టు మీదే కూర్చుని సంయుక్త మార్చింది. మధుకర్ పక్కన వంగి, పేరుకు తెలుపు బదులు బస్సు పసుపే వేయమన్నాడు. మళ్లీ లేచి పట్టుకుంది. మల్లయ్య ఇంకా లావు అన్నాడు. మళ్లీ మార్చింది. ఈలోపు భోజనానికి దిగినవాళ్లు గేటు దగ్గర గుంపుగా చేరారు. ఏం జరుగుతోందని ఒకరు అడిగితే, కంటి పరీక్ష అని ఇంకొకరు చెప్పారు.

మూడోసారి లాప్‌టాప్ పైకెత్తినప్పుడు మల్లయ్య నోరు తెరవకముందే, బస్టాపులో కూరగాయల సంచీతో నిలబడ్డ ఒక ముసలావిడ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది.

“నక్ష...త్రాల బస్సు.” తర్వాత మల్లయ్యవైపు తిరిగింది. “అది ఏడికి పోతది అన్నా? కూకట్‌పల్లి దిక్కు పోతదా?”

ఫోను ఇంకా తెరిచే ఉంది. అవతల సంయుక్త, మధుకర్ ఇద్దరూ విన్నారు. గేటు దగ్గర నవ్వులు రోడ్డు ఇవతలికి వినిపించాయి. మల్లయ్య నవ్వు ఆపుకుని, “కూకట్‌పల్లికి పోదు పెద్దమ్మా, చుక్కలల్లకు పోతది. నీ బస్సు ఎనుక వస్తుంది” అని, ఆమె సంచీ అందుకుని నిజం బస్సు ఎక్కించి పంపాడు.

తిరిగొచ్చేసరికి మధుకర్ ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. “ఫ్రీ టూల్ గురించి నేను అన్నమాట వాపస్ తీస్కుంటున్న అంకుల్.”

పుస్తకం శుక్రవారం బయటికొచ్చింది. రెండో పేజీలో ‘కథలు: సంయుక్త’ అని, దాని కిందే అంతే పెద్ద అక్షరాల్లో ‘ముఖచిత్రం, అక్షరాలు: మల్లయ్య, పుప్పాలగూడ’ అని ఉంది. ఇరవై ఆరేళ్లు ఊళ్లోవాళ్ల పేర్లన్నీ రాసిన మనిషి తన పేరు ఒక పుస్తకంలో చూసుకోవడం అదే మొదలు. ఫోను భార్యకు చూపించాడు. కనకలక్ష్మి రెండు వేళ్లతో పేరును పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది, తెరంతా ఒక్క ‘మ’ నిండేదాకా చేసి, పొయ్యి దగ్గరికి వెళ్లి ఆ పూట చాయ్‌లో ఆయనకిష్టమైనంత అల్లం దంచి వేసింది.

నెల తిరక్కుండా ఇంకో ఇద్దరు రాసేవాళ్లు సంయుక్తను అడిగి మల్లయ్య నంబరు తీసుకున్నారు. మూడో పని మధుకర్ తెచ్చాడు. ప్రగతి నగర్‌లో ఉండే వాళ్లక్క నవనీత వంటల పుస్తకం రాసింది, దానికి ముఖచిత్రం కావాలి.

ఆదివారం పొద్దున మల్లయ్య జ్యోత్స్న లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. కనకలక్ష్మి చిక్కుడుకాయలు తుంచుతూ వెనకనుంచి తొంగి చూసింది.

“ఏం రాస్తున్నవ్?”

“ఉల్లిపాయ లేని వంటలు.”

“ఉల్లిగడ్డ లేకుంట కూరేంది?”

“ఆ ముచ్చట నవనీతమ్మను అడుగు. నాకు ‘ల్లి’ ఎట్ల రాయాల్నో అదే ఎరుక.”

ఆమె ఇంకొంచెం వంగి, అక్షరాల కింద ఉన్న కడాయి బొమ్మను చూసింది. “కడాయి గంత నల్లగ ఎవరింట్ల ఉంటది? తోముకోరా వాళ్లు? జర తెల్లగ చెయ్యి. పోపుల ఎండుమిర్చి ఏది?”

మల్లయ్య ఎండుమిర్చికి ఎరుపు వెతుకుతుంటే, కనకలక్ష్మికి ఆ ఎరుపు నచ్చలేదు, దాని తర్వాతదీ నచ్చలేదు. చివరికి చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

“ఇటియ్యి, నేను చూపిస్త.”

మల్లయ్య జరిగి మౌసు ఆమె చేతికిచ్చాడు.