మొదటి అర్థం

గుడ్డపీలికను ఆముదంలో ముంచి ఎర్రన్న షటిలును తుడుస్తున్నాడు. మూరెడు పొడవు చెక్క, రెండు కొనలకూ ఇనుప ములుకులు, నడుమ నూలుకండె పట్టేంత తొట్టి. ఒక పక్కన అతని బొటనవేలు అరగదీసిన గుంట. గోనెసంచుల మిల్లులో నేతపని మానేసి తొమ్మిదేళ్లయింది. పొద్దున్నే ఈ తుడవడం మాత్రం మానలేదు.

ఇవాళ చెయ్యి మొరటుగా పడుతోంది. ఇంగ్లీషు నోటుపుస్తకంలో ‘షటిల్’ అన్న మాటకు మనవరాలు తులసి అర్థం రాసింది: మగ్గంలో అటూ ఇటూ పరిగెడుతూ నూలు వేసే చెక్క. ఝాన్సీ టీచర్ దానిమీద ఎర్రసిరాతో ఇంటూ కొట్టింది.

“ఈకల బంతంట. విజయనగరానికీ బొబ్బిలికీ తిరిగే రైలులాటిదంట. నీది నేదంట తాతా,” అంది తులసి, ఎదురుగా నిలబడి, పెదాలు విప్పి విప్పి. మగ్గాల మోతలో పోయిన చెవులు అతనివి. మిల్లులో అందరూ పెదాలు చూసే మాట్లాడుకునేవారు.

“నేదేటే? ముప్పై రెండేళ్లు నాను గాలిని ఆడించినానేటి?”

బడికి చేరేలోపు రెండుచోట్ల కూలబడ్డాడు, గుండె రుద్దుకుంటూ. తులసి ఇంటికి పోదామన్నా వినలేదు.

తరగతిలో షటిలును బల్లమీద పెట్టాడు. “సూడు టీచరమ్మా! ఇది షటిలు కాకపోతే నాను నేతగాణ్ణే కాను!”

మిల్లులో అరిచినట్టే అరిచాడు. “తాతకి మైకు అక్కర్నేదురా!” అన్నారెవరో. పిల్లలు గొల్లుమన్నారు.

ఝాన్సీ టీచర్ అటు తిరిగి, బీరువాలోంచి లావుపాటి నిఘంటువు తీసి, అక్కడే నిలబడి వెతికింది.

“మొదట విసిరే బాణమట. ఆ మాటే మగ్గంలో విసిరేదానికి వచ్చింది. అలా అటూ ఇటూ తిరుగుతాయనే బంతికీ రైలుకీ ఆ పేరు. మీదే ముందు, తాతగారూ. తప్పు నాది,” అంది, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఎర్రన్నకు ఆమె జడ మాత్రమే కనబడింది. వీపు చూపించి పొమ్మంటోందనుకున్నాడు.

“ఉండనీ. నువ్వే అట్టుకో,” అని షటిలును బల్లమీదే వదిలి వెళ్లిపోయాడు.

“నీదే రైటంట తాతా!” తులసి వెనకనుంచి అరిచింది. అతను తిరగలేదు. గేటు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

తులసి ముందుకొచ్చి నిలబడి, పెదాలు విప్పి విప్పి మళ్లీ చెప్పింది. అతని కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె పెదాల వెంట కదలలేదు.

సాయంత్రం తరగతి గది ఖాళీగా ఉంది. బల్లమీద, తెరిచిన నిఘంటువు పక్కన షటిలు. బొటనవేలి గుంటలో ఆముదం ఇంకా ఆరలేదు.