బుల్లెమ్మ గెలిచిన పరుగుపందెం

భవానీపురంలో చీరల కొట్టు నడిపే గోపీనాథ్‌కి ఇంగ్లండు పాత రాగి టోకెన్లంటే పిచ్చి. ఒకప్పుడు ఆ దేశంలో చిల్లరకు కరువొస్తే వర్తకులే తమ పేర్లతో అచ్చు వేయించుకున్న బిళ్ళలవి. మగ్గం బొమ్మ ఉన్నది చేతికి దొరికిన రోజు ఆయనకు కొట్టు మీద ధ్యాసే ఉండదు.

పోయిన వేసవిలో బందరులో ఒక పాత సామాన్ల కొట్లో గుప్పెడు టోకెన్లు కొన్నాడు. ఇంటికొచ్చి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడుస్తుంటే వాటిలో ఒక రాగి పతకం బయటపడింది. ఒకవైపు ఇంగ్లీషు రాజు తల. రెండోవైపు ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఊటుకూరి బుల్లెమ్మ, పరుగుపందెం, మొదటి బహుమతి, 1946’ అని చెక్కి ఉంది.

ఎవరీ బుల్లెమ్మ? ఫొటో తీసి నాణేల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది చేతులు మారి మారి చల్లపల్లి చేరింది. అక్కణ్ణించి మనోజ్ఞ అనే అమ్మాయి ఫోన్ చేసింది.

“అంకుల్, ఆ బుల్లెమ్మ మా మామ్మేనండీ. ఊటుకూరి వాళ్ళు మామ్మ పుట్టింటోళ్ళు. రండి, మాట్లాడుదురుగాని.”

ఆదివారం బస్సెక్కాడు. కథ విని, ఆవిడ ఫొటో తీసుకుని, పతకం మళ్ళీ తెచ్చి పెట్టెలో పెట్టుకోవాలనే వెళ్ళాడు.

మనోజ్ఞ తండ్రి వెంకటప్పయ్య ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. “పరుగులో ఫస్టొచ్చానని మా అమ్మ ఎప్పుడూ చెప్పేదండీ. కోతలనుకుని నవ్వేవాళ్ళం” అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

మంచం మీద కూర్చున్న బుల్లెమ్మకు తొంభై దాటాయి. పతకాన్ని అరచేతిలో పెట్టగానే బొటనవేలితో అక్షరాలు తడిమింది.

“దీన్ని మా అత్తగారు పాత రాగి సామాన్లలో కలిపి అమ్మేసి బిందె తెచ్చుకుంది. అడిగితే, ఆడపిల్లకి పరుగేంటే అంది” అని కొడుకు వైపు తిరిగింది. “చూశావట్రా? ఇప్పుడు నవ్వు!”

వెంకటప్పయ్య నవ్వలేదు. తల్లి పక్కన కూర్చుని, “ఎట్లా గెలిచావో చెప్పమ్మా” అన్నాడు. ఆ మాట అతను అడగడం అదే మొదలు.

ఆవిడ చెప్పింది. ఇసకలో కాళ్ళు కాలడం, పరికిణీ మోకాళ్ళ పైకి దోపుకోవడం, ముందున్న పొడుగుపిల్ల వెనక్కి చూడబోయి తూలడం. గోపీనాథ్ ఫొటో తియ్యడమే మర్చిపోయాడు. భోజనాలయ్యాక ఆవిడ పతకం తిరిగి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“మీదేనండీ. నా దగ్గర టోకెన్లు బోలెడున్నాయి.”

“చల్లగా ఉండు నాయనా” అందావిడ. మనోజ్ఞ దారం తెచ్చి పతకాన్ని మామ్మ మెళ్ళో కట్టింది.

ఇంటికొచ్చి ఆ పందెమంతా భార్య రేణుకకు చెప్పాడు. తానే పరిగెత్తినట్టు చెప్పాడు.

“ఇంతకీ ఎంతమంది పరిగెత్తారండీ?” అని అడిగింది రేణుక.

అది అడగనే లేదు. వెంటనే ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. బుల్లెమ్మ గొంతు సవరించుకుని, పందెం మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది.